నగారావాడి నవల, నా కుర్చీ

ముందు కుర్చీ సంగతి చెప్పాలి. మిగతావన్నీ దాని వెనకే రావాలి. ఈ వరస మీద ఎందుకింత పట్టుదల అని అడగకండి, చివరికి మీకే తెలుస్తుంది.

పావగడ తాలూకా కచేరీలో నేను ఇరవై తొమ్మిదేళ్లు రికార్డు గుమాస్తాగా పనిచేశాను. ఈ సంగతి జరిగింది మైసూరు మహారాజావారి పాలన ఆఖరు ఏళ్లలో, బయట యుద్ధం జరుగుతున్న రోజుల్లో. కచేరీలో కాగితాలన్నీ కన్నడంలో ఉండేవి, కచేరీకి వచ్చే జనమంతా తెలుగులో గోడు చెప్పుకునేవారు. కొత్తగా వచ్చిన అమల్దారుగారు, అంటే తాలూకాకంతటికీ పెద్ద అధికారి, మైసూరు వైపు మనిషి. రైతు చెప్పేదాంట్లో సగం అర్థంకాకుండానే ఉత్తర్వులు రాయాల్సి వస్తున్నదని ఆయనకు బాధ. దాంతోపాటు చదువు పిచ్చి. ఆ రెండూ కలిపి ఆదివారం మధ్యాహ్నాలు కచేరీ వెనక గదిలో తెలుగు పుస్తకాలు చదువుకునే సంఘం పెట్టారు. ఊళ్లో ఏ పుస్తకమైనా ఒక్క ప్రతి దొరికితే గొప్ప. కాబట్టి ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి.

మొదటి ఆదివారం నాకూ పిలుపు వచ్చింది. గది తాళంచెవి నా దగ్గర ఉండడమే దానికి కారణమని నాకు తర్వాత తెలిసింది. గదిలో కుర్చీలు ఎనిమిది, మేము ఎనిమిది మందిమి. లెక్క సరిపోయింది గదా అని నేను కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. అమల్దారుగారు ఇంకా రాలేదు. ఆయన తర్వాతి స్థానంలో ఉండే శిరస్తేదారు వచ్చి, నా ముందు నిలబడి, అందరూ వినేటట్టు అన్నాడు.

"నువ్వు కాగితాలు దాచే మనిషివి, చదివే మనిషివి కాదప్పా. అట్ల గడపకాడ కూర్చో."

నేను లేచాను. ఆ కుర్చీలో ఆయన తన గొడుగు పెట్టాడు. పావగడలో గొడుగు. ఆ ఏడు రెండు వానలకే వేరుశనగ చేలు ఎండిపోయినాయి. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. గొడుగుకు వెదురు పిడి ఉండేది. ఆయన వేసుకున్న గోధుమరంగు కోటుకు పై నుంచి రెండో గుండీ లేదు. బజారులో నూనె వ్యాపారం చేసే శెట్టిగారు ఒకసారి దగ్గి ఊరుకున్నారు. నేను గడపకు ఆనుకుని కూర్చున్నాను. సగం వీపు గదిలో, సగం ఎండలో.

మర్నాడే అర్జీ రాశాను. అది నా సర్వీసులో నలభై ఒకటో అర్జీ. అంతకుముందువి సిరాబుడ్డి గురించి, కారే పైకప్పు గురించి, నా కంటే వెనక చేరినవాడికి నా కంటే ముందు బల్ల ఇచ్చిన సంగతి గురించి. దేనికీ రానంత తొందరగా దీనికి జవాబు వచ్చింది: "తగిన సమయంలో పరిశీలించబడును." ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. తగిన సమయం అనేది ఏ క్యాలెండరులోనూ ఉండదు.

ఇక పుస్తకం ఎంపిక. అమల్దారుగారు మొదట చారిత్రక నవల చదువుదామన్నారు. చరిత్రలో వాళ్లంతా ఎప్పుడో చచ్చిపోయారు కాబట్టి ఎవరికీ కోపాలు రావని ఆయన నమ్మకం. పాపం, ఈ తాలూకాకు కొత్త. శిరస్తేదారు తన పూర్వీకులు నిడుగల్లు పాళెగాళ్ల దగ్గర ప్రధానులుగా ఉండేవాళ్లని చెప్పుకునేవాడు. కాబట్టి ప్రధానిని చెడ్డవాడుగా చూపే నవల పనికిరాదు. శెట్టిగారికి సంతను దోచుకునే పుస్తకం వద్దు. అమల్దారుగారికే ఒక షరతు ఉంది: రాజు మీద ప్రజ గెలిచే కథ అయితే, యుద్ధకాలం, పైకి రిపోర్టు పోతుంది. యుద్ధం, దోపిడీ, కుట్ర, తిరుగుబాటు లేని చారిత్రక నవల కోసం మా సంఘం రెండు నెలలు వెతికింది. ఆ రెండు నెలలూ నేను గడప దగ్గర కూర్చునే విన్నాను.

చివరికి అమల్దారుగారు విసిగి నియమం పెట్టారు. ఎవరైనా ఒక నవలను ప్రతిపాదించవచ్చు. ఎంపిక రోజున ప్రతిపాదించినవాళ్లు తమ నవల మొదటి భాగం చదివి వినిపించాలి. చేతులెత్తి తేల్చుకోవాలి. ఎవరి నవల నెగ్గితే వాళ్లే అమల్దారుగారి పక్క కుర్చీలో కూర్చుని పుస్తకం అయ్యేదాకా చదవాలి. ఆ నియమాన్ని నేను నాలుగుసార్లు చదివాను. గడప దగ్గర కూర్చునేవాడు ప్రతిపాదించకూడదని ఎక్కడా లేదు.

నా దగ్గర నవల ఒకటి ఉంది. హొసకోటలో బట్టలంగడి పెట్టుకున్న మా మేనమామ మద్రాసు నుంచి ఒక మాసపత్రిక తెప్పించేవాడు. అందులో పదకొండు నెలలు వచ్చిన నవల అది. ఆయన ఆ కాగితాలు చింపి దాచి నాకిచ్చాడు. రాసినాయన పేరు ఉన్న మూలను చెదలు తినేసింది. కథ మాత్రం నాకు ఇరవయ్యో ఏట నుంచి కంఠతా వచ్చు.

ఒక కొండకోట. ఆ కోట బురుజు మీద నగారా కొట్టేవాడు. శత్రువు కనబడితే నగారా మోగించాలి, కిందున్న జనం పైకెక్కి తలుపులు మూసుకోవాలి. మొదటి నెల భాగంలో దసరా దర్బారు జరుగుతుంది. నగారావాడి తాతకు పాత దొర దర్బారులో కూర్చోవడానికి చాప ఇచ్చివున్నాడు. కొత్త ప్రధాని ఆ చాపను తీయించి గడప బయట వేయిస్తాడు. నగారావాడు బయట కూర్చుంటాడు. మాట్లాడడు. తర్వాతి భాగాల్లో పెళ్లి చేసుకుంటాడు, బిడ్డల్ని కంటాడు, ముసలివాడవుతాడు, చాపను మాత్రం మరిచిపోడు. ముట్టడి రోజున శత్రువును అందరికన్నా ముందు చూస్తాడు. నగారా కొట్టడు. కోట పోతుంది, అతని ఇల్లూ వాకిలీ కూడా పోతాయి.

నాకు ఏమి కావాలో దాచకుండా చెబుతాను. కుర్చీ రెండోది. దసరా దర్బారు భాగాన్ని శిరస్తేదారు మొహం చూస్తూ చదవాలి. గడప బయట అనే మాట దగ్గర ఆగాలి. అంతే. ప్రధానిని చెడ్డవాడుగా చూపే నవల అని ఆయన లేచి అభ్యంతరం చెబితే మరీ మంచిది. ఎందుకు ఉలిక్కిపడ్డాడో అందరికీ తెలుస్తుంది.

విడి కాగితాలతో పోతే నవ్వుతారని వాటిని కుట్టడానికి మా దఫ్తరికి ఇచ్చాను. దఫ్తరి అంటే రికార్డు గదిలో ఫైళ్లు కుట్టి మూటలు కట్టేవాడు. నా కంటే పదేళ్లు పెద్ద. అక్షరాలు రావు, అంకెలు వచ్చు. రెండేళ్ల ముందు ఒక ఫైలును పాత కాగితం పైన, కొత్త కాగితం కింద పెట్టి కుట్టాడని అతని మీద నేను పైకి రాశాను. కచేరీ నియమం దానికి తలకిందులు. కొత్త కాగితం ఎప్పుడూ పైన ఉండాలి, ఫైలు తెరవగానే ఆఖరి ఉత్తర్వు కనబడాలి. అతని చేత సంజాయిషీ రాయించి వేలిముద్ర వేయించాను. ఆ తర్వాత అతను ఒక్క ఫైలు తప్పు కుట్టలేదు.

ఎంపిక ఆదివారం మధ్యాహ్నం దాకా పుస్తకం చేతికి రాలేదు. నేను గది తాళం తీస్తుండగా తెచ్చిచ్చాడు. ఎర్ర గుడ్డ అట్ట, గట్టి ముడి, చక్కటి పని. అట్లాగే లోపలికి తీసుకుపోయాను.

శిరస్తేదారు ముందు చదివాడు. మూడు సంపుటాల నవల. మొదటి పద్నాలుగు పేజీలు చక్రవర్తి ఏనుగు మీద ఊరేగుతాడు. ఏనుగు రాజవీధి మలుపు తిరిగే లోపల శెట్టిగారు నిద్రపోయారు. తర్వాత నా వంతు. పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో దసరా దర్బారు లేదు.

మీరు ఇప్పటికే గ్రహించి ఉంటారు. దఫ్తరి పదకొండు భాగాలనూ నెలల అంకెలు చూసి, కొత్తది పైన, పాతది కింద పెట్టి కుట్టాడు. ఆఖరు నెల కాగితం పైన ఉంది. వెనక్కి తిప్పబోయాను.

"ఏందప్పా, అట్ల తిరగేస్తా ఉండావు?" అన్నాడు శిరస్తేదారు. "చదవడం వచ్చునా, రాదా?"

ఆ మాట అనకపోయి ఉంటే నేను వెనక్కే తిప్పేవాణ్ని. అన్నాడు కాబట్టి ఎదురుగా ఉన్నదే చదివాను. కోట కాలిన మూడో రోజున ఒక గొర్రెలకాపరి కొండెక్కుతాడు. బురుజు మీద ఒక ముసలివాడు కూర్చుని ఉంటాడు. ముందు నగారా, ఒళ్లో రెండు కోలలు. కాపరి మంచినీళ్లిస్తే తాగడు. "ఎందుకు తాతా కొట్టలేదు?" అని అడిగితే చెప్పడు. కాపరి కొండ దిగిపోతాడు. దాని కింద "సమాప్తం" అని అచ్చయి ఉంది. ఆ మాట మింగేశాను.

శెట్టిగారు మేలుకుని ఉన్నారు. అమల్దారుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చివరితో మొదలుపెట్టాడు ఈ గ్రంథకర్త," అన్నారు ఆయన. "ఇట్లాంటి ఎత్తుగడ ఇంగ్లీషు నవలల్లో కూడా నేను చూడలేదు. దీన్ని ఏరుకున్న మీ అభిరుచిని మెచ్చుకోవాలి."

ఎనిమిది చేతుల్లో ఏడు లేచాయి. ఏడోది శిరస్తేదారుది. అప్పుడు నేను నిజం చెప్పి ఉండవలసింది. కానీ ఆ ఎత్తుగడ మా దఫ్తరిదని చెప్పుకోవడానికి నోరు రాలేదు. శిరస్తేదారు తానే లేచి, అమల్దారుగారి పక్క కుర్చీ మీద నుంచి గొడుగు తీసి కిటికీ చువ్వకు తగిలించాడు. నేను కూర్చున్నాను. గట్టి కుర్చీ కాదు. ఒక కాలు కొంచెం పొట్టి.

సోమవారం పొద్దున్నే దఫ్తరిని నిలదీశాను.

"మీరు చెప్పిన వరసే గదా సామీ," అన్నాడు. "కొత్తది పైన, పాతది కింద. సంజాయిషీ గూడా ఇచ్చినాను. విప్పి మళ్లా కుట్టమంటారా?"

ఆ మొహంలో నవ్వు లేదు. అది వినయమో, రెండేళ్లు దాచిపెట్టుకున్న జవాబో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. విప్పమంటే కుర్చీ పోతుంది. వద్దన్నాను.

తర్వాతి పది ఆదివారాలూ కథను వెనక్కి చదివాను. ప్రతి భాగం మొదట్లో ఉండే "జరిగిన కథ"ను వదిలేసేవాణ్ని. సంఘానికి పూనకం పట్టినట్టయింది. నాలుగో వారం, ముట్టడిలో చనిపోయిన నగారావాడి భార్య కథలోకి బతికొచ్చింది. రాగిముద్ద చేసి మొగుడికి పెడుతూ, వచ్చే ఏడు ఇంటి కప్పు మార్చుకోవాలని చెబుతుంది. మామూలు వరసలో చదివితే అది ఎవరూ పట్టించుకోని పేజీ. శెట్టిగారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు.

"ఆయమ్మ చచ్చిపోతాదని మనకు తెలుసు. ఆయమ్మకు తెలీదు గదప్పా," అన్నారు.

నగారా ఎందుకు కొట్టలేదనే ప్రశ్న గది దాటి బజారుకు పోయింది. శత్రువు దగ్గర బంగారం తిన్నాడని శెట్టిగారి నమ్మకం. చేతులు పడిపోయి ఉంటాయని అమల్దారుగారు. దీని వెనక ఎవరో ఆడమనిషికి జరిగిన ఘోరం ఉందని, లేకుంటే అంత జనాన్ని ఎవడూ చంపుకోడని శిరస్తేదారు. కచేరీ నడవాలో నన్ను ఆపి, "నాకొక్కనికి చెప్పప్పా, యాడా అనను," అని బతిమాలేవాడు. ఆఖరి ఆదివారం తెలుస్తుంది స్వామీ అనేవాణ్ని. ఒకసారి నా బల్ల దగ్గరికి కాఫీ పంపించాడు. రెండుసార్లు నన్ను మీరు అన్నాడు. ఆ రెండూ నాకు గుర్తున్నాయి. ఒకటి మంగళవారం.

అనుకున్నది మొదట్లో కాకపోతేనేం, చివర్లో జరగబోతుందని నాకు సంతోషమే కలిగింది. దర్బారు భాగం ఇప్పుడు ఆఖరున వస్తుంది. పదకొండు వారాలు ఎదురుచూసిన చెవిలో పడుతుంది. ఇంకా గట్టిగా తగులుతుంది అనుకున్నాను.

ఆఖరి ఆదివారం గుమ్మం బయట కూడా జనం నిలబడ్డారు. నేను నిదానంగా చదివాను. దర్బారు, దొర, పువ్వుల దండలు, ప్రధాని. చాపను తీయించే చోటికి వచ్చి, శిరస్తేదారు మొహం చూశాను. చూసి, "గడప బయట" అన్నాను. ఆగాను. నగారావాడు బయట కూర్చున్నాడు. భాగం అయిపోయింది.

అందరూ ఇంకా ఏదో రావాలన్నట్టు చూస్తున్నారు.

"అంతేనా?" అన్నారు శెట్టిగారు.

"అంతే."

"చాపకా?"

గుమ్మం బయట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా. అమల్దారుగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది శిరస్తేదారు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "ఒక్క మాట చెప్పుంటే నేనే ఇచ్చుందును గదప్పా ఆ ముసలోనికి, చాప," అన్నాడు. "పదకొండు వారాలు ఏడిపించినాడు మారాజు." గ్రంథకర్త ఎంత గొప్ప హాస్యం చేశాడో అని అమల్దారుగారు మెచ్చుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఇది హాస్యం కాదన్నాను. ఇది మొదట చదవాల్సిన భాగం, కుట్టడంలో వరస తప్పింది అన్నాను. దీన్ని మొదట చదివినవాడెవడూ నవ్వడు, నేను ఇరవయ్యో ఏట చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం పోలేదు అన్నాను. పుస్తకం చేతులు మారింది. ఆఖరి పేజీ కింద అచ్చయి ఉన్న "ఇంకా ఉంది" అనే మాట చూసి మళ్లీ నవ్వారు. అప్పుడు నాకు ఒళ్లు తెలియలేదు. శిరస్తేదారు వైపు తిరిగాను.

"మీరు గూడా నన్ను గడపకాడ కూర్చోమన్నారు స్వామీ. కుర్చీలో గొడుగు పెట్టినారు."

ఆయన నవ్వు ఆపాడు. దొరికిపోయినవాడి మొహం కాదు అది. ఎంత వెతికినా ఏమీ దొరకని మొహం.

"నేనా? ఎప్పుడప్పా?"

"మొదటి ఆదివారం."

ఆయన కిటికీ వైపు చూశాడు. "ఆ గొడుగు నేను కొని నెల గూడా కాలేదే," అన్నాడు.

నిజమే, చువ్వకు వేలాడుతున్నది కొత్తది. దాని పిడికి ఇత్తడి పొన్ను ఉంది. పాతదానికి వెదురు పిడి. నేను మరిచిపోతానా? కానీ గదిలో ఆ తేడా ఎవరికీ పట్టలేదు. శెట్టిగారు లేచి నా భుజం మీద చెయ్యి వేసి, ఎండగా ఉంది, మజ్జిగ తాగుదాం రమ్మన్నారు.

మర్నాడు అర్జీ రాశాను. నవలను విప్పి కుట్టించి, మొదటి భాగం నుంచి సక్రమమైన వరసలో సంఘంలో తిరిగి చదివించాలని. కారణాలు తొమ్మిది చూపించాను. దాని మీద శిరస్తేదారు తన అభిప్రాయం రాశాడు: అర్జీదారు చక్కగా చదువుతాడు, ఏ పుస్తకమైనా ఆయనే చదవవచ్చు, ఆ కుర్చీ ఆయనకే ఉంచవచ్చు. పగవాడు పగవాడిలా ఉండకపోతే ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అమల్దారుగారు కింద ఒక్క వాక్యం రాశారు: "కథ అందరికీ తెలిసినందున మరల చదువనక్కరలేదు. దాఖలు చేయవలెను."

దాఖలు చేయాల్సినవాణ్ని నేనే. తాలూకాలో ఆ పని ఇంకెవరిదీ కాదు. దఫ్తరి నా ఎదురుగా కూర్చుని కుట్టాడు. అన్నిటికన్నా పైన అమల్దారుగారి ఉత్తర్వు. దాని కింద శిరస్తేదారు అభిప్రాయం. దాని కింద తొమ్మిది కారణాల అర్జీ. అన్నిటికన్నా అడుగున, మొట్టమొదటిది, కుర్చీ గురించి రాసింది. సూది లాగి, ముడి వేసి, ఫైలు నా చేతికిచ్చాడు.

"వరస సరిగ్గా ఉండాదా సామీ?"

"ఉండాది," అన్నాను.

ఆ కుర్చీలో ఇంకో మూడేళ్లు కూర్చున్నాను. మరో నవలను ప్రతిపాదించలేదు. మహారాజావారి పాలన పోయింది, అమల్దారు అనే పేరే పోయింది, నేను రిటైరయ్యాను. ఆ ఫైలు మాత్రం రికార్డు గదిలో మూడో బీరువా కింది అరలో ఉండాలి. చెదలు పట్టకుండా వేపాకు పెట్టి వచ్చాను. ఎప్పుడైనా మీలో ఎవరైనా దాన్ని తెరుస్తారు. పైనుంచి చదువుకుంటూ పోతారు. ఎవరో పెద్దమనుషులు, వాళ్ల మర్యాద, తొమ్మిది కారణాలు చూపించిన మొండివాడొకడు. చిట్టచివరి కాగితం దగ్గరికి వచ్చేసరికి మీ నోటి వెంట ఏ మాట వస్తుందో నాకు తెలుసు. శెట్టిగారి నోట అది ముందే విన్నాను.

అందుకే ఇక్కడ కుర్చీతో మొదలుపెట్టాను. గడప దగ్గర, సగం వీపు ఎండలో కూర్చున్నప్పుడు మీరు నవ్వి ఉండరని నమ్ముతున్నాను. ఒకవేళ నవ్వి ఉంటే, దయచేసి మళ్లీ మొదటి నుంచి చదవవలసిందిగా నా మనవి.